లేచే ముందు తాళం వేసే నజ్మా

నజ్మా బేగం ఇక లేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పొద్దంతా పట్టింది. అక్షరాలు ముసలితనంలో నేర్చినదాన్ని కాబట్టి కాదు, ఆ అక్షరాలు నేర్పింది ఆమే కాబట్టి.

ఆ ఉదయం నేను సకినాల పిండి కలుపుతున్నాను. పక్క విల్లా నుంచి సమద్ భాయ్ ఫోను. "పెద్దమ్మా, జల్ది రా" అన్నాడు, అంతే. సమద్ భాయ్ నజ్మా భర్త, గ్యాసు కంపెనీలో పనిచేస్తాడు. ఆయన గొంతు గోడ దాటగా నేనెన్నడూ వినలేదు. అటువంటి మనిషి కేక వేసినట్టు మాట్లాడేసరికి పిండి చేతులతోనే ఉరికాను. నజ్మా వంటింటి గడప మీద ఒరిగి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయిందని ఆస్పత్రిలో చెప్పారు. నాకంటే ఎంతో చిన్నది. ఊళ్ళో ఆడవాళ్ళందరి బీపీ గోళీలనూ జ్ఞాపకం చేసే మనిషి. ఇదేమి న్యాయమని దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

దేవుడి మీద కోపం రెండు మూడు రోజుల్లో చల్లారింది. ఆయన మాట తిరిగి చెప్పడు, మనం ఎంతసేపని తిడతాం? మనుషుల మీద కోపం మాత్రం అప్పుడే మొదలైంది, ఇంకా ఆరలేదు. ఆ మనుషుల్లో కొందరు మన సంఘం పత్రిక తప్పకుండా చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

ఎరుగనివారి కోసం ముందు ఆమె ఎవరో చెప్తాను. నజ్మాది కోరుట్ల. తెలుగు బడిలో చదివింది. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, అరబ్బు కొట్టువాడితో అరబ్బీ, ఏ భాషలోనైనా అదే నవ్వు. పెళ్ళయి ఈ ఖతర్ దేశానికి, అల్ ఖోర్‌కు వచ్చిన నాటి నుంచి ఆ విల్లాలోనే ఉంది. పిల్లలు కలగలేదు. వాళ్ళ హాల్లో కిటికీ పక్కన ఒక కంప్యూటరు ఉండేది, దాని మీద ఆమె అల్లిన తెల్లని ముసుగు ఉండేది. ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఆమె ఎందరు ఆడవాళ్ళ పనులు చక్కబెట్టిందో లెక్క లేదు. వీసా అర్జీ, ఆస్పత్రి కాగితం, ఇంటివాళ్ళకు నోటితో చెప్పుకోలేక మెయిలు రాయించుకునేవారు, పని ఇచ్చిన ఇంట్లో కష్టం వచ్చి ఎంబసీకి మొరపెట్టుకునేవారు. ఎవరు వచ్చినా ముందు చాయ్, తర్వాత మాట, ఆ తర్వాతే మీటల చప్పుడు.

ఆమె స్వభావం మొత్తం ఒక్క అలవాటులో ఉండేది. కంప్యూటరు ముందు నుంచి లేస్తే, ఎంత దగ్గరికైనా సరే, తాళం వేయకుండా లేచేది కాదు. కిటికీ బొమ్మ ఉన్న మీటా, దానితోపాటు 'ఎల్' మీటా, రెండు వేళ్ళతో టప్పున నొక్కేది. తెర మూసుకునేది. మళ్ళీ తెరవాలంటే పాస్‌వర్డు.

ఒకనాడు నేను పచ్చడి సీసా ఇవ్వడానికి వెళ్ళాను. స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి. "నజ్మా, పాలు!" అని అరిచాను. ఉలిక్కిపడి కూడా ఆ పిల్ల ముందు రెండు మీటలు నొక్కింది, ఆ తర్వాతే ఉరికింది. పాలు సగం స్టవ్వు మీదే పోయాయి. నేను మండిపడ్డాను.

"ఇంట్ల నువ్వు, నేను తప్ప ఎవలున్నరే? ఎవలొచ్చి ఎత్తుకపోతరు దాన్ని?"

స్టవ్వు తుడుస్తూ చెప్పింది: "పాలు పొంగితే గుడ్డతోని తుడుస్త పెద్దమ్మా. మాట పొంగితే ఏం గుడ్డతోని తుడుస్తం?"

అప్పుడు నాకు అది చాదస్తం అనిపించింది. పైగా నాకు చదువు రాదు, నా దగ్గర దాచే మాటే లేదు. ఎందుకు లేదో కూడా చెప్పాలి.

నా పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన ఇక్కడికి వచ్చి కంపెనీ బస్సు నడిపేవాడు. మా ఊరివాళ్ళు దుబాయ్ పోయిండనేవారు, ఖతర్ అంటే ఎవరికి తెలుసు? ఆయనకూ చదువు రాదు. క్యాంపులో ఎవరి చేతో ఉత్తరం రాయించేవాడు. ఊళ్ళో పోస్టుమాను అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, వీధి వీధంతా వినేటట్టు చదివేవాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేటల్లో బియ్యం పోసుకుని వచ్చి చుట్టూ చేరేవారు. ఒకసారి ఆయన "నువ్వు బాగా యాదికొస్తున్నవ్" అని రాయించాడు. నేను ఆ మాటను పూర్తిగా వినకముందే వీధి నవ్వింది. నెలరోజులు నీళ్ళ బోరింగు దగ్గర అదే మాటతో నన్ను ఏడిపించారు. నేను తిరుగు ఉత్తరంలో ఏం చెప్పించానో ఆయనకెట్లా తోచిందో, మళ్ళీ ఏ ఉత్తరంలోనూ ఆ మాట లేదు. అందరూ క్షేమమని తలుస్తాను, అంతే. తర్వాత నేనూ ఇక్కడికి వచ్చాను, కొడుకు ఇక్కడే పనిలో చేరాడు, ఆయన కాలం చేశాడు. కానీ ఆ ఉత్తరాల కాలంలో మేము చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోకుండానే పోయాయి. చదువు రాకపోవడమంటే అంకెలు తెలియకపోవడం, బోర్డు చదవలేకపోవడం అని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. అది కాదు. ఇంటికి తలుపు లేకపోవడం.

ఈ కథ ఒక శుక్రవారం నజ్మాకు చెప్పాను. అయ్యో పాపం అనలేదు. జాలి చూపడం ఆమెకు చేతకాదు. "రేపటి సంది పొద్దున్నే రా" అంది. వెళ్ళాను. అ, ఆ నుంచి మొదలుపెట్టింది. నేను 'ఋ' దగ్గర విసిగి లేచిపోబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "సకినం చుట్టొచ్చినదానికి ఇది చుట్టరాదా? కూసో!" అనేది. అట్లా అక్షరాలు వచ్చాయి. ఒకనాడు కంప్యూటరులో నా పేరుతో వేరే అర తెరిచింది. అందులో నేను రాసుకున్నది ఆమెకు కూడా కనబడదట.

"పాస్‌వర్డు పెట్టుకో పెద్దమ్మా. నీకు తప్ప ఎవలకు తెల్వని మాట."

"నా బతుకంత పోస్టుమానుకు ఎరుకే. నాకు తప్ప ఎవలకు తెల్వని మాట యాడుంటది?"

"సోంచాయించు. ఉంటది."

ఆలోచించాను. ఉంది. మా ఆయన నన్ను పిలిచే పేరు ఒకటి. సిగ్గుతో ఏ ఉత్తరంలోనూ రాయించని పేరు. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎట్లా కొట్టాలో ఆమె చెప్పబోతే, పేరు చెప్పకుండానే ఒక్కొక్క అక్షరం గురించి అడిగి తెలుసుకున్నాను. ఆమె తల పక్కకు తిప్పుకుని జవాబులు చెప్పింది. కొట్టాను. తెర మీద అక్షరాల బదులు నల్లని చుక్కలు పడ్డాయి.

"ఏమే, నేను రాసింది నాకే కనవడ్తలేదు?"

"కనవడది. అందుకే అది నీది."

ఆ పేరేమిటో ఇక్కడ రాస్తాననుకుంటున్నారేమో. రాయను.

ఇక సరిత సంగతి. ఇది అసలు పేరు కాదు. ఆమెను అడిగి, ఒప్పుకున్నంత మేరకే రాస్తున్నాను. సరితది కోస్తా వైపు. భర్తతో ఇక్కడే మన మధ్యనే కాపురం. మన ఇళ్ళల్లో కంప్యూటరంటే టీవీ వంటిదే, హాల్లో అందరిదీ. శుక్రవారం భోజనానికి వచ్చినవాళ్ళు చెయ్యి కడుక్కుని నేరుగా దాని ముందు కూర్చుంటారు. ఒకరికి టికెట్టు ప్రింటు కావాలి, ఒకరికి పిల్లవాడి బడి పని. అడగడం కూడా మర్యాద తక్కువ అనుకుంటాం. అట్లాగే సరిత ఇంట్లో ఆమె వడ్డిస్తుండగా ఒక పెద్దమనిషి టికెట్టు ప్రింటు తీయడానికి కూర్చున్నాడు. తెర తెరిచే ఉంది. సరితకు సంబంధించిన ఆస్పత్రి రిపోర్టు దాని మీద ఉంది. అంతవరకే చెప్తాను. చూసి మూసేస్తే సరిపోయేది. చూశాడు, భార్యను పిలిచి చూపించాడు. విస్తర్లు ఎత్తకముందే ఆ కబురు అల్ ఖోర్ అంతా తిరిగింది, సాయంత్రానికి సముద్రం దాటి ఆమె అత్తవారింటికి చేరింది. అత్తగారు ఫోనులో అన్న మాటలు సరిత నాకు చెప్పింది. నేను రాయను. ఆ తర్వాత సరిత చాలాకాలం ఎవరి గడపా తొక్కలేదు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఆ పెద్దమనిషిని ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఆమె ఎందుకు తెరిచిపెట్టింది?" అన్నారు. నజ్మా ఒక్కతే అన్నది. మరుసటి శుక్రవారం అందరి ముందే, పళ్ళెం చేతిలో పట్టుకుని, ఆయన ఎదుట నిలబడి అడిగింది:

"అన్నా, నా వంటింట్లకొచ్చి కుండ మూత తీసి చూస్తవా?"

"అదేంది చెల్లె, ఎందుకు తీస్త?"

"మరి గది సుత మూతే గద. తెరిచి ఉన్నదంటే వడ్డించినట్టేనా?"

ఆయన మొహం మాడిపోయింది. ఆ తర్వాత నజ్మా ఇంట్లో పద్ధతి మారింది. వచ్చినవాళ్ళకు వేరే అర, ప్రింట్లు తీసుకోండి, పాటలు వినండి. ఆమె అరకు మాత్రం తాళం. లేచిన ప్రతిసారీ తాళం. ఆడవాళ్ళు ఆమె దగ్గర పెట్టిపోయిన కాగితాలన్నీ ఆ అరలో ఉండేవి. "నాయే అయితే ఊకే పారేద్దును పెద్దమ్మా. పరాయోళ్ల పిల్లలు నా కాడ పండుకున్నట్టు ఉన్నయి ఇవి. పిల్లల్ని పండవెట్టి, తలుపు బార్ల తీసి బజారుకు పోతమా?" అనేది.

మన సమాజం ఊరుకుంటుందా? మొగుడికి కూడా పాస్‌వర్డు చెప్పదట. ఏముందో మరి అందులో. ఎవరితో మాట్లాడుతుందో. పిల్లాజెల్లా లేదు, పొద్దస్తమానం దాని ముందే. ఈ మాటలు నేను చెవులారా విన్నాను, అన్నవాళ్ళ పేర్లు కూడా నాకు తెలుసు. అందరికంటే ముందు అన్నది సమద్ భాయ్ తమ్ముడు కరీం. ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్ల స్పేరు పార్టుల దుకాణం. ఒకసారి నా ముందే వదినతో వేళాకోళం ఆడాడు.

"క్యా భాభీ, తాళం కైకూ? అందర్ల బంగారం ఉన్నదా?"

"బంగారమైతే నీకే ఇద్దును కరీం. నువ్వు పాడుజెయ్యవు, అమ్ముకుంటవ్. ఇది అమ్ముడువోయే సామాను కాదు" అంది. నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు.

ఆమె పోయిన మూడవనాడు జియారత్, పోయినవారి కోసం చేసే దువా. హాల్లో మగవాళ్ళు, లోపలి గదిలో ఆడవాళ్ళు తస్బీల పూసలు తిప్పుతున్నారు. నేను ఆడవాళ్ళ మధ్య గోడకు ఆనుకుని కూర్చున్నాను. హాల్లో ఏదో చప్పుడైతే తొంగి చూశాను. కరీం కంప్యూటరు ముసుగు తీసి పక్కన పడేశాడు. మీటల పలకను తిరగేసి, కింద ఏమైనా చీటీ అతికించి ఉందేమోనని చూస్తున్నాడు. ఉండదు. నజ్మా అట్లాంటి మనిషి కాదు. తర్వాత ఆమె పుట్టిన తేదీ కొట్టాడు, పెళ్ళి తేదీ కొట్టాడు, సమద్ పేరు కొట్టాడు. వదిన మీద కప్పిన మట్టి ఇంకా తడి ఆరలేదు. వాడి వెనక కంప్యూటర్లు బాగుచేసే ఒకతను సంచీ పట్టుకుని నిలబడ్డాడు. కరీమే వెంటబెట్టుకొచ్చాడు.

లోపల సరిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్దమ్మగారూ, నావి ఇంకా అందులోనే ఉన్నాయండీ. తెరిచేస్తారా?" ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి. అవతలి మూల ఇంకో పిల్ల తస్బీ ఆపేసి నా వైపే చూస్తోంది. ఆ గదిలో ఎంతమంది ప్రాణాలు ఆ తాళం మీద ఉన్నాయో నాకప్పుడు తెలిసింది.

నేను లేచి హాల్లోకి వెళ్ళాను. మగవాళ్ళ మధ్యకు ఆడది రావచ్చా అని కొందరు చూశారు. చూడనీ.

"పెద్దమ్మా, నీకు పాస్‌వర్డు ఎరుకే ఉండాలె గద?" అన్నాడు కరీం.

"ఎరుకే."

"చెప్పు మరి."

"చెప్ప."

నాకు తెలుసు. సరిత సంగతి జరిగినప్పుడే నజ్మా నా చెవిలో చెప్పింది. కాగితం మీద రాసుకోవద్దంది. నాకేమన్నా అయితే ఎవరివి వాళ్ళకిచ్చి చెరిపెయ్యి పెద్దమ్మా అంది. నేను ముందు పోతాను కదే పిచ్చిదానా అని నవ్వాను.

కరీం గొంతు మార్చాడు. "చూడు పెద్దమ్మా, భాభీ మీద జనం ఏమేం అంటుండ్రో నీకు ఎరుకే. తెరిచి నలుగురికీ చూపిస్తే ఆమె పేరు సాఫ్ అయితది. ఆమె మంచికే చెప్తున్న."

దుర్మార్గుడు, ఆ మాటలో నిజం ఉంది. నేను పది మీటలు నొక్కితే చాలు, నజ్మా మీద పడిన బురద ఆ నిమిషమే పోతుంది. ఇన్నాళ్ళు దాచింది పరాయి ఆడవాళ్ళ కష్టాలు తప్ప మరేమీ కాదని అల్ ఖోర్ అంతా చూస్తుంది. కానీ ఆ కడిగిన నీళ్ళు పోయి ఎవరి నెత్తిన పడతాయి? లోపలి గదిలో చల్లబడిన ఆ వేళ్ళ మీద. తన పేరు కోసం నజ్మా ఆ పని చేసి ఉండేదా? బతికుండగా ఎన్ని మాటలు పడింది! ఒక్కనాడు చేయలేదు.

"ఆమె మంచికే అయితే, ఆమె బతికున్నప్పుడే అడగకపోతివా?" అన్నాను.

"అడిగిన. చెప్పలే."

"మరి జవాబు వచ్చింది గద. సచ్చినంక జవాబు మారుతదా?"

కరీం సంచీ మనిషి వైపు తిరిగి "యల్లా, విప్పు" అన్నాడు. అతను కదలలేదు. "ఇంటి మాలిక్ చెప్తె విప్పుత భాయ్. నువ్వు జెప్తె కాదు" అన్నాడు.

అందరూ సమద్ భాయ్ వైపు చూశారు. ఆయన అప్పటిదాకా తల వంచుకునే ఉన్నాడు. మెల్లగా లేచాడు. కింద పడిన తెల్లని ముసుగును తీసి, దులిపి, మడత పెట్టి చేతిలో పట్టుకున్నాడు.

"కరీం, నీ చాయ్ సల్లారుతుంది. తాగి పో" అన్నాడు.

అంతే. కరీం తాగకుండానే పోయాడు.

తర్వాతి రోజుల్లో ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికొకరు ఎదురుపడకుండా వేళలు నేనే చెప్పాను. సమద్ భాయ్ ప్రతిసారీ తన కుర్చీని తెర కనబడకుండా గోడ వైపు తిప్పుకుని, ఆమెతో పంచుకున్న ఇంట్లో పరాయివాడిలా కూర్చునేవాడు. ఎవరి కాగితాలు వారు తీసుకున్నారు. తీసుకున్నవి నేను చెరిపేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. సరిత చివర వచ్చింది. తనవి చెరిపేశాక తెర మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

చివరకు నజ్మా సొంతవి మిగిలాయి. నేను సమద్ భాయ్‌ను అడిగాను, చూస్తావా నాయనా అని.

"ఆమె ఉన్నప్పుడు అడుగబుద్ధి గాలే పెద్దమ్మా. చాయ్ ఇచ్చేది, పక్కన కూసునేది. నాకు గదే సరిపాయె" అన్నాడు. గోడ వైపు నుంచి తిరగలేదు.

కాబట్టి అవి అట్లాగే ఉన్నాయి, తాళంలో.

ఇప్పటికీ అనుమానం తీరనివారు ఉన్నారని నాకు తెలుసు. మీకు రుజువు కావాలి. ఉండేది. నా చేతులతో నేనే చెరిపేశాను. ఇక మీకు మిగిలింది ఒక ముసలిదాని మాట. నమ్మితే నమ్మండి, నమ్మకపోతే ఖలాస్. నజ్మా బేగం మీ ఆడబిడ్డల మానం కాపాడటానికి తన పేరును పణంగా పెట్టింది. మీ ఇంటి ఆడవాళ్ళ కాగితం కూడా అందులో ఉండి ఉండవచ్చు. ఉందో లేదో నేను చెప్పను. ఆ మాటే మీకు నేను వేసే శిక్ష.

అటువంటి ధీరోదాత్తను, అంతటి విశ్వాసపాత్రను ఈ ఊరు మళ్ళీ చూడదు. చదువుకున్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు, కంప్యూటర్లు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఒకరి కష్టాన్ని విని, రాసి, నోరు మూసుకునే మనిషి ఏ ఇంట్లో ఉందో చూపించండి.

కంప్యూటరును సమద్ భాయ్ నా గదిలో పెట్టించాడు. నిన్న ఒక పిల్ల వచ్చింది. ఎవరో చెప్పను. "పెద్దమ్మా, ఇక మాకు ఎవలు రాస్తరు?" అని ఏడ్చింది. నాకు ఒక్క వేలితో కొట్టడమే వచ్చు, ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను. అయినా కూర్చోబెట్టాను. చాయ్ కోసం పాలు స్టవ్వు మీద పెట్టి వచ్చి, ఆమె చెప్పే మాటలు ఒక్కొక్క అక్షరంగా కొడుతున్నాను. సగంలో ఉండగా వంటింట్లోంచి మాడిన వాసన వచ్చింది.

"పెద్దమ్మా, పాలు!" అందా పిల్ల.

రెండు మీటలు నొక్కాను. తెర మూసుకున్నదాకా చూశాను. ఆ తర్వాతే లేచాను.